సూర్యుడు లేని మూడు దినాలు: ఆదికాండంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బైబిలు తొలి పుస్తకం ఆదికాండంలో, దేవుడు ఆరు దినాల్లో లోకాన్ని సృష్టించాడని చెప్పే మొదటి అధ్యాయాన్ని అక్షరార్థంగా చదవాలా, అలంకారంగా చదవాలా అన్న విషయం మీద పాలమూరు, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. వాక్యాలన్నీ మన ఇళ్లలో ఉండే పాత తెలుగు బైబిలులోవే. పక్కన బైబిలు తెరిచి పెట్టుకుని చదవండి.

మా పిలగాడు పదో తరగతి. భూమికి 450 కోట్ల ఏండ్లని బడిల చెప్పిండ్రు. ఆరు దినాలల్ల అంతా అయిందని సంఘంల చెప్తున్నరు. ‘ప్రభువు దగ్గర ఒక దినమంటే వెయ్యేండ్లు బిడ్డా’ అని నేను సర్ది చెప్పిన. ‘అట్లయితే ఆరు వేల ఏండ్లే గద నాయినా’ అన్నడు. నాకు జవాబు దొరకలే. దినమంటే ఇరవై నాలుగు గంటలా, యుగమా? – ఒక తండ్రి, మిర్యాలగూడ

మీ అబ్బాయి లెక్క తప్పు కాదు. ఆ వాక్యాన్ని లెక్కకు వాడటమే తప్పు. 2 పేతురు 3:8లో ‘ఒక దినము వెయ్యి సంవత్సరములవలెను, వెయ్యి సంవత్సరములు ఒక దినమువలెను’ అని ఉంది. ‘వలెను’ అంటే పోలిక. పేతురు అక్కడ మాట్లాడుతున్నది సృష్టి గురించి కాదు, ప్రభువు రాకడ ఆలస్యమవుతోందని ఎగతాళి చేసేవాళ్ల గురించి. తర్వాతి వచనం చదివితే తెలిసిపోతుంది. ఆ పోలికకు మూలం కీర్తన 90:4. అక్కడ వెయ్యేళ్లను గడిచిన నిన్నటి రోజుతోనే కాదు, రాత్రిలో ఒక జాముతో కూడా పోల్చారు. ఇది కొలతే అయితే వెయ్యేళ్లు ఒక రోజూ కావాలి, కొన్ని గంటల జామూ కావాలి. కొలత కాదు గనుకే రెండూ చెల్లాయి.

ఇక ‘దినం’ అన్న మాట. మన మాటల్లోనే చూడండి. ‘మూడు దినాల సంది జ్వరం’ అంటే రోజులు. ‘ఆ దినాలల్ల బస్సులు యాడియి’ అంటే ఒక కాలం. ‘రేపు మా తాత దినాలు’ అంటే చావు తర్వాతి కార్యం. ఒకటే మాట, మూడు అర్థాలు. వినేవాడు ఎప్పుడూ తికమకపడడు, పక్కనున్న మాటలు దారి చూపిస్తాయి. హీబ్రూలో ‘యోమ్’ కూడా అంతే. ఆది 1:5లో దేవుడు వెలుగుకు ‘పగలు’ అని పేరు పెట్టాడని తెలుగులో ఉంది, హీబ్రూలో ఆ పేరు ‘యోమ్’. అక్కడ అది చీకటి కాని సమయం మాత్రమే. అదే వచనం చివర ‘అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను’ అన్నచోట రాత్రీ పగలూ కలిసిన రోజు. ఆది 2:4లో ‘భూమిని ఆకాశమును చేసిన దినమందు’ అన్నచోట సృష్టి జరిగిన కాలమంతా. 35 వచనాల్లో మూడు అర్థాలు.

మొదటి అధ్యాయంలోని ఆరు దినాలకు ఏ అర్థం? మా తీర్పు సూటిగా చెబుతాం: మామూలు రోజే. అస్తమయం ఉంది, ఉదయం ఉంది, వరుస సంఖ్య ఉంది. ఇన్ని గుర్తులు పెట్టిన మాటను సాగదీసి ‘కోట్ల ఏళ్ల యుగం’ అనడం వాక్యం చెప్పినది వినడం కాదు, మనకు కావలసినది దాని చేత చెప్పించడం. 19వ శతాబ్దంలో భూగర్భశాస్త్రం ఎదిగినప్పుడు ఈ యుగాల వాదం చాలామందిని ఆకట్టుకుంది. స్కాట్లాండులో హ్యూ మిల్లర్ రాసిన పుస్తకం 1857లో వచ్చి బాగా ప్రచారం పొందింది. కాని చిక్కు తీరలేదు. మూడో దినం చెట్లు, నాలుగో దినం సూర్యుడు. దినం యుగమైతే చెట్లు ఒక యుగమంతా ఎండ లేకుండా బతకాలి. ఏడో దినం విశ్రమించమనే సబ్బాతు ఆజ్ఞ, నిర్గమ 20:11, ‘ఆరు దినములలో’ అని ఎత్తి చూపి మనిషిని ఆరు రోజులు పని చేయమంటుంది. యుగాలను చూపించి వారం రోజుల పని చెప్పడం పొసగదు.

అయితే దినం మామూలు రోజే అని తేలినంత మాత్రాన ఆ అధ్యాయం రోజువారీ పద్దు పుస్తకమని తేలదు. చాలా సంఘాల్లో వాదన జారేది ఇక్కడే. మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల ఉపమానం తీసుకోండి. యజమాని దినానికి ఒక దేనారం ఒప్పుకున్నాడు. ఆ దినం ఎంత? పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా, నూటికి నూరుపాళ్లు మామూలు కూలి దినం. దాన్ని యుగమంటే కథే చెడిపోతుంది. అయినా అది ఉపమానమే. ఒక మాటకు అర్థం ఏమిటన్నది ఒక ప్రశ్న, ఆ మాట ఉన్న రచన ఏ రకమన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు చెప్పి రెండోది కూడా గెలిచామనుకోకూడదు.

రచన రకం తెలియాలంటే రచయిత వదిలిన ఆనవాళ్లు చూడాలి. మొదటి రోజును ‘మొదటి దినము’ అనలేదు, ‘ఒక దినము’ అన్నాడు, తెలుగు అనువాదకులు దాన్ని జాగ్రత్తగా నిలబెట్టారు. ఆరో దినానికి వచ్చేసరికి హీబ్రూలో ఐదు దినాలకూ లేని నిర్దేశక గుర్తు (ఇంగ్లీషు ‘the’ లాంటిది) చేరుతుంది. ఏడో దినానికి అస్తమయమూ ఉదయమూ చెప్పలేదు, అది ముగిసినట్టు లేదు. హెబ్రీ పత్రిక 4వ అధ్యాయం దేవుని విశ్రాంతిలో మనం ఇంకా ప్రవేశించవచ్చునని వాదించేది ఆ ఏడో దినాన్ని ఎత్తి చూపే. వారం అనే చట్రాన్ని రచయిత ఏదో ఉద్దేశంతో వాడుతున్నాడని ఇవన్నీ చెబుతున్నాయి.

మీ అబ్బాయితో వెయ్యేళ్ల లెక్క మానేయండి. ‘దినమంటే దినమే. ఆ ఆరు దినాలు దేవుడు చేసిన పనిని మన పనిదినాల వారంలో అమర్చి చూపే చట్రమని అనేకమంది విశ్వాసులు, వరసగా గడిచిన ఆరు రోజులని ఇంకా అనేకమంది చదువుతారు. ఇద్దరూ దేవుడు సృష్టించాడనే నమ్ముతారు’ అని చెప్పండి. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయమనండి, అందులో పాపం లేదు.

నాలుగో దినం సూర్యుడు పుట్టిండు. మరి మొదటి మూడు దినాలకు పొద్దు ఎట్ల పొడిచింది, ఎట్ల గూకింది అని పిల్లలు అడుగుతున్నరు. వీబీఎస్‌లో ఈ పాఠం నాకే ఇచ్చిండ్రు. ఎట్ల చెప్పాలె? – ఒక సండే స్కూల్ టీచర్, జడ్చర్ల

మీ పిల్లలు అడిగింది సంఘం మొదటి శతాబ్దాల్లోనే అడిగిన ప్రశ్న. మూడో శతాబ్దంలో ఓరిగెను అనే క్రైస్తవ పండితుడు సూర్యచంద్రులు లేని అస్తమయం, ఉదయం ఎవరు అక్షరాలా నమ్ముతారని అడిగి, దీన్ని గూఢార్థంగా చదవాలన్నాడు. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిలు అక్షరార్థం వైపు నిలబడ్డాడు: సూర్యుడికంటే ముందే వెలుగూ పచ్చికా కలిగాయంటే, ప్రాణానికి మూలం సూర్యుడని కొలిచేవాళ్ల నోరు మూతపడుతుందని చెప్పాడు. బిషప్పు అగస్టీను (354–430) ఆదికాండం మీద పదేండ్లకు పైగా కూర్చుని రాసి, దేవుడు అన్నిటినీ ఒక్కసారే చేశాడు, ఆ దినాలు మన రోజుల వంటివి కావు అన్నాడు. ఈ ముగ్గురిలో ఎవరూ డార్విన్‌కు జంకి మాట్లాడినవారు కాదు. ‘అలంకారంగా చదవడం సైన్సుకు లొంగిపోవడం’ అనే మాట వినబడితే ఈ సంగతి గుర్తు చేయండి.

పాఠానికి రెండో వచనంలోని రెండు మాటలు పట్టుకోండి: ‘నిరాకారముగాను శూన్యముగాను’. ఆకారం లేదు, నింపు లేదు. తర్వాత ఆరు దినాలు ఆ రెండు కొరతలనూ తీరుస్తాయి. బోర్డు మీద నిలువుగా రెండు వరసలు గీయండి. ఎడమ వైపు 1, 2, 3. కుడి వైపు 4, 5, 6. ఒకటో దినం వెలుగు, దానికి ఎదురుగా నాలుగో దినం జ్యోతులు. రెండో దినం ఆకాశవిశాలము, కింది నీళ్లు. ఎదురుగా ఐదో దినం పక్షులు, చేపలు. మూడో దినం ఆరిన నేల, మొక్కలు. ఎదురుగా ఆరో దినం జంతువులు, మనిషి. ఎడమ వరస ఇల్లు కట్టడం, కుడి వరస ఇంట్లోకి రావడం. మూడో దినం రెండు పనులున్నాయి, ఆరో దినమూ రెండున్నాయి, అంటే ఎనిమిది పనుల్ని ఆరు దినాల్లో సమంగా పేర్చారు. పిల్లలే ఈ జతలు కనుక్కునేలా కుడి వరస ఖాళీగా వదిలి, ఒక్కొక్కరిని పిలిచి రాయించండి. జంట కనబడ్డాక ‘సూర్యుడు ఎందుకు నాలుగో దినం?’ అన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెబుతారు: ఒకటో దినం గదిలోకి వచ్చేది అతనే గనుక.

40 నిమిషాల తరగతి అయితే మొదటి 8 నిమిషాలు అధ్యాయమంతా ఒక్కరే గట్టిగా చదవాలి. వంతులవారీగా చదివిస్తే ‘అస్తమయమును ఉదయమును కలుగగా’ అన్న పల్లవి చెవికి అందదు. తర్వాత 15 నిమిషాలు బోర్డు పని. మరో 10 నిమిషాలు రంగు పెన్సిలుతో ‘మంచిది’ అన్న మాట కింద గీత గీయించండి. తెలుగులో ‘మంచిదైనట్టు’, ‘మంచిదని’, ‘చాలమంచిదిగ’ అని రూపాలు మారతాయి, ముందే చెప్పకపోతే లెక్క తప్పుతుంది. సరిగ్గా ఏడు రావాలి. రెండో దినానికి ఆ మాట లేదు, మూడో దినానికి రెండుసార్లు ఉంది. దేవుడు పలికిన పలుకులు పది, కాని తెలుగులో క్రియలు వేరువేరు, చిన్నపిల్లలకు అది వద్దు. మిగిలిన 7 నిమిషాలు ప్రశ్నలకు వదలండి.

తప్పులు జరిగేది చిత్రపటాల దగ్గర. కొన్ని అచ్చు బొమ్మల్లో ఒకటో దినానికే పసుపు సూర్యుణ్ని వేస్తారు. దాన్ని గోడకు తగిలిస్తే పాఠం అక్కడే పాడవుతుంది. వాడేముందు పటం చూసుకోండి. పెద్దపిల్లల తరగతి అయితే ఇంకొకటి చూపించండి: నాలుగో దినం సూర్యుడికీ చంద్రుడికీ పేర్లు లేవు. ‘పెద్ద జ్యోతి’, ‘చిన్న జ్యోతి’ అంతే. బబులోనులో షమాషు అని సూర్యుణ్ని దేవుడిగా కొలిచేవారు, హీబ్రూలో సూర్యుడి పేరు ‘షెమెష్’ దాని చుట్టమే. ఆ పేరు నోట పలకకుండా, దీపం వెలిగించి పెట్టినట్టు రాశారు. చుట్టూ సూర్యచంద్రులకు మొక్కే జనం నడుమ ఇది ఎంత తెగువో పిల్లలకు చెబితే, గంటల లెక్కకంటే అదే గుర్తుంటుంది.

ఆది 7:11లో ‘ఆకాశపు తూములు విప్పబడెను’ అని ఉన్నది. తూము చెరువుకుంటది గాని ఆకాశానికి ఉంటదా? – గద్వాల నుంచి

ఈ మాట ఎంచుకున్న అనువాదకులకు మన నేల తెలుసు. హీబ్రూలో ఉన్నది ‘అరుబ్బోత్’, జాలీ కిటికీల వంటి రంధ్రాలు. కాని వానకు కిటికీ తెరవడమంటే మన రైతు చెవికి ఎక్కదు, తూము ఎత్తితే నీళ్లు దూకడం ప్రతివాడికీ తెలుసు. అదే హీబ్రూ మాటను మలాకీ 3:10లో ‘ఆకాశపువాకిండ్లు’ అన్నారు. అక్కడ కుమ్మరించేది దీవెనలు గనుక వాకిలి సరిపోయింది.

ఆ రోజుల్లో ఇశ్రాయేలు చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆకాశం పైన నీళ్లు ఉన్నాయన్నది లోకజ్ఞానం. ఆది 1:6–7లో ‘విశాలము’ కింది నీళ్లనూ పై నీళ్లనూ వేరు చేస్తుంది. విశాలమన్న దానికి హీబ్రూ ‘రాఖీయ’, రేకును సుత్తితో కొట్టి పలచగా చేయడమన్న క్రియ నుంచి వచ్చింది. నిర్గమ 39:3లో బంగారాన్ని రేకులుగా కొట్టినచోట అదే క్రియ. గ్రీకు, లాటిను అనువాదకులు దాన్ని గట్టి పదార్థమన్న అర్థంతోనే తర్జుమా చేశారు. మన తెలుగు ‘విశాలము’ ఆ గట్టిదనాన్ని కొంత తగ్గించింది. అక్షరార్థమే సరి అని వాదించే బోధకులెవరూ నేడు ఆకాశం రేకు అనరు, పైన తూములున్నాయనీ అనరు. అంటే అందరమూ ఎక్కడో ఒకచోట ‘ఇది చూసేవాడి కంటికి కనబడినట్టు చెప్పిన మాట’ అని ఒప్పుకుంటున్నాం. పొద్దు గూకింది అంటాం, సూర్యుడు ఎక్కడికీ పోడు, అబద్ధమాడినట్టూ కాదు. ప్రొటెస్టెంటు సంస్కర్త జాన్ కాల్విన్ 16వ శతాబ్దంలోనే ఆది 1:16 దగ్గర ఈ మాట రాశాడు: శనిగ్రహం చంద్రుడికంటే చాలా పెద్దదని ఖగోళజ్ఞులు రుజువు చేశారు, మోషే మాత్రం మామూలు జనం కంటికి కనబడినట్టు చెప్పాడు, ఖగోళశాస్త్రం కావలసినవాళ్లు వేరేచోట నేర్చుకోవాలని 1:6 దగ్గరే అన్నాడు.

మొదటి అధ్యాయంల చెట్లు, జంతువులు, ఆ తర్వాత మనిషి. రెండో అధ్యాయంల ముందుగల్ల మనిషి, తర్వాత చెట్లు, జంతువులు. ఏది నిజం? – దేవరకొండ నుంచి

మీరు చూసింది నిజమే. ఆది 2:5 నాటికి పొలపు పొద ఏదీ లేదు, 2:7లో నరుడు, 2:9లో చెట్లు, 2:19లో జంతువులు. 2:19ని ‘అంతకుముందు నిర్మించిన జంతువులను’ అని చదివి వరస సరిచేసేవాళ్లున్నారు. హీబ్రూ వ్యాకరణం అందుకు గట్టి ఆధారం ఇవ్వదు, ఆ క్రియ కథను ముందుకు నడిపే రూపంలోనే ఉంది. ఇంకొందరు 2:5 పొలం మొక్కల గురించే గాని అడవి చెట్ల గురించి కాదంటారు. ఇది కాస్త బలమైన వాదన, ఎందుకంటే ఆ వచనమే కారణం చెబుతుంది: వాన కురవలేదు, నేలను సేద్యపరచడానికి నరుడు లేడు.

ఆ రెండు కారణాల దగ్గర కాసేపు ఆగండి. వాన లేదు, సేద్యగాడు లేడు. మెట్టసేద్యం తెలిసిన దేవరకొండ వాళ్లకు ఇది వివరించనక్కరలేదు. చెలక బీడు పడాలంటే ఈ రెండింటిలో ఒకటి చాలు. మొదటి అధ్యాయంలో నీళ్లు మరీ ఎక్కువ, వాటిని విడదీస్తే గాని నేల తేలదు. రెండో అధ్యాయంలో నీళ్లు తక్కువ. 2:6లో నేలను తడిపినది తెలుగులో ‘ఆవిరి’, పాత గ్రీకు అనువాదంలో ఊట. ఊటచెలిమె తోడుకుని తాగిన ఊళ్లకు ఊటే బాగా అర్థమవుతుంది. నరుడు హీబ్రూలో ‘ఆదామ్’, నేల ‘అదామా’, ఎరుపు ‘అదోమ్’. ఎర్ర చెలక మట్టి చేతిలోకి తీసుకుంటే ఈ మూడు మాటలు ఎందుకు దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. ‘నిర్మించి’ అన్న క్రియ కుమ్మరి పనికి వాడే మాట, యిర్మీయా 18లోని కుమ్మరికి అదే ధాతువు నుంచి పేరు.

రెండు అధ్యాయాల్లో దేవుని పేరు కూడా మారుతుంది. ఒకదానిలో ‘దేవుడు’, రెండోదానిలో ‘దేవుడైన యెహోవా’. ఒకటి మాటతో ఆజ్ఞాపించే రాజు, ఇంకొకటి మట్టిలో చేతులు పెట్టే కుమ్మరి. ఈ పుస్తకాన్ని కూర్చినవాళ్లకు వరస తేడా కనబడకపోలేదు. వరుస తేడా వాళ్లకు అడ్డం కాలేదంటే, తేదీల జాబితాగా దాన్ని వాళ్లు చూడలేదనడానికి మాకు ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

భూమికి ఆరు వేల ఏండ్లేనని ఒక ప్రసంగంల విన్న. కార్బన్ పరీక్షలు తప్పని కూడా చెప్పిండ్రు. మా దిక్కు గుట్టల వయసు ఎట్ల తెలుస్తది? – డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్

ఆరు వేలు అన్న అంకె బైబిలులో లేదు. వంశావళుల్లోని వయసులు కూడి తెచ్చినది. ఐర్లండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో అచ్చువేసిన లెక్క ప్రకారం సృష్టి క్రీస్తుపూర్వం 4004, అక్టోబరు 23. 1701 నుంచి ఆ సంవత్సరాలను ఇంగ్లీషు బైబిళ్ల అంచుల్లో వేయడంతో చాలామందికి అదీ లేఖనమే అన్నంత గట్టిపడింది.

మీరే కూడి చూడండి. ఆది 5లో తండ్రికి కొడుకు పుట్టిన వయసులు: 130, 105, 90, 70, 65, 162, 65, 187, 182, జలప్రళయం నాటికి నోవహుకు 600. మొత్తం 1656. ఇది హీబ్రూ ప్రతి లెక్క. సమరయుల ప్రతిలో 1307. పాత గ్రీకు ప్రతిలో 2242, అక్కడ చాలా వయసులకు నూరేసి ఎక్కువున్నాయి. మూడు పాత ప్రతులు మూడు అంకెలు చెబుతుంటే ఒక్క తేదీ మీద ప్రమాణం చేయలేం. పైగా ‘కనెను’ అన్న మాట తరాలు దాటవచ్చు: మత్తయి 1:8లో యెహోరాము ఉజ్జియాను కన్నాడని ఉంది, 1 దినవృత్తాంతములు 3:11–12 చూస్తే నడుమ అహజ్యా, యోవాషు, అమజ్యా ముగ్గురున్నారు. ఆది 5లో వయసులు కూడా ఇచ్చారు గనుక అక్కడ ఈ వాదన అంత తేలిగ్గా నిలవదని కూడా చెప్పాలి.

కార్బన్ సంగతి. కార్బన్-14 సగం కరిగే కాలం 5730 ఏళ్లు. ఒకప్పుడు ప్రాణమున్న కట్టె, ఎముక, బొగ్గు వంటివాటికే పనికొస్తుంది, 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. గుట్టల వయసు దానితో ఎవరూ చూడరు. కాబట్టి ‘కార్బన్ తప్పు, అందుకే గుట్ట వయసు తప్పు’ అన్న వాదనకు పునాది లేదు.

గ్రానైటుకు వాడేది జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. కరిగిన రాయి చల్లారేటప్పుడు ఇది పుడుతుంది. పుట్టేటప్పుడు తనలోకి యురేనియాన్ని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత అందులో కనిపించే సీసం యురేనియం కరిగి మారినదే. యురేనియం-238 సగం కరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు సుమారు 70 కోట్ల ఏళ్లు. అంటే ఒకే గింజలో వేరువేరు వేగాలతో నడిచే రెండు గడియారాలు. రెండూ ఒకే సమయం చూపిస్తే నమ్మవచ్చు. రాయి మళ్లీ బాగా వేడెక్కితే సీసం కొంత కారిపోతుంది, అప్పుడు రెండు గడియారాలు కలవవు, ఆ తేడానే తప్పును బయటపెడుతుంది. పొటాషియం–ఆర్గాన్ పద్ధతిలో కొత్త లావాకు కూడా ఎక్కువ వయసు వచ్చిన సందర్భాలున్నాయి. లావాలో ముందే చిక్కుకున్న ఆర్గాన్ వాయువు దానికి కారణం. ప్రసంగాల్లో ఎత్తి చూపేది ఆ ఉదాహరణలనే, ఉదాహరణలు నిజమే. అయితే ఆ లోపం జిర్కాన్ పద్ధతిది కాదు.

దక్షిణ తెలంగాణ గ్రానైటు గుట్టలకు ఇలా వచ్చే వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నారాయణపేట, మద్దూరు వైపు భూమి లోతు నుంచి తన్నుకొచ్చిన కింబర్లైటు రాయి సుమారు 110 కోట్ల ఏళ్లది. భూమికి 454 కోట్లు, విశ్వానికి సుమారు 1380 కోట్లు.

‘దేవుడు ఆదామును పెరిగిన మనిషిగా చేసినట్టే రాళ్లనూ వయసు మళ్లినవిగా చేశాడు’ అనేవాళ్లున్నారు. దీన్ని ఏ పరికరంతోనూ తప్పని రుజువు చేయలేం. మాకున్న ఇబ్బంది దైవశాస్త్రంలో ఉంది: పెరిగిన మనిషిని చేయడం వేరు, జరగని చరిత్రను రాతిలో రాసిపెట్టడం వేరు. సృష్టి దేవుని మహిమను వివరిస్తోందని కీర్తన 19 చెబుతుంటే, అదే సృష్టి తన వయసు గురించి మనల్ని మోసం చేస్తోందని మేం చెప్పలేం. ఆరు దినాలను వరుస రోజులుగా నమ్మే విశ్వాసి ఆ మాట ధైర్యంగా చెప్పుకోవచ్చు, అది అతని చదువు. దానికి తోడుగా చెడ్డ రసాయనశాస్త్రాన్ని ప్రసంగపీఠం మీద పెట్టవద్దని మాత్రం బతిమాలుతున్నాం. నక్షత్రాల గురించి, భూమి గురించి తెలిసిన అవిశ్వాసి ముందు లేఖనం పేరుతో క్రైస్తవుడు తెలియని మాటలాడితే, పునరుత్థానం గురించి చెప్పినా వాడు నమ్మడని అగస్టీను పదహారు వందల ఏళ్ల కిందటే హెచ్చరించాడు.

నేను బాప్టిస్టు సంఘంల పెరిగిన. అత్తగారిల్లు కేథలిక్కు. ఇద్దరి బోధ వేరువేరుగ ఉన్నది. పిల్లలకు ఏది చెప్పాలె? – ఒక తల్లి, నల్లగొండ

కేథలిక్ సంఘం 1909లోనే ఆదికాండంలోని దినాన్ని మామూలు రోజుగానైనా, ఒక కాలంగానైనా చదవవచ్చని చెప్పింది. 1950లో పోపు 12వ పయస్ మనిషి శరీరం ఎలా వచ్చిందన్న పరిశోధనకు దారి ఇచ్చి, ఆత్మను దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నది విడవకూడదన్నాడు. కేథలిక్ బోధను వివరించే పుస్తకమైన నేటి సత్యోపదేశంలో 337వ పేరా ఆరు దినాల పనిని సంకేతంగా చెప్పినదిగా వివరిస్తుంది. బాప్టిస్టులకు ఇలాంటి కేంద్ర తీర్పు ఉండదు, ఏ సంఘానికి ఆ సంఘమే, అందుకే పాస్టరుగారిని బట్టి బోధ మారుతుంది. అడ్వెంటిస్టులు మాత్రం ఆరు అక్షరార్థ దినాలను తమ విశ్వాస ప్రమాణంలోనే రాసుకున్నారు.

మీ పిల్లలకు రెండిళ్లలోనూ ఒక్కటిగా ఉన్నది ముందు నేర్పండి, ‘పరలోకమును భూమిని సృజించిన తండ్రి’ని. దినాల సంగతి వాళ్లు అడిగినప్పుడు, అడిగినంత మేరకు చెప్పండి. మామగారితో దీని మీద వాదం పెట్టుకోవద్దు.

సృష్టి వర్ణనను అలంకారమంటే ఆదాము కూడా అలంకారమే అయితడు గదా? మరి పౌలు మాట ఏమైతది? – ఒక సంఘ పెద్ద, వనపర్తి

మొత్తం చర్చలో బరువైన ప్రశ్న ఇదే. ముందు ఒక పొరపాటు తీసేద్దాం: ఒక అధ్యాయపు చట్రం అలంకారమైతే పుస్తకమంతా అలంకారం కానక్కరలేదు. ఆదికాండంలోనే అబ్రాహాము కథనం నడిచే తీరు వేరు, మొదటి అధ్యాయం తీరు వేరు.

‘ఆదామ్’ హీబ్రూలో మనిషి అన్న సామాన్యనామం కూడా. ఆది 1:26–27లో మనుషులందరికీ కలిపి ఆ మాటే, తెలుగువారు ‘నరులు’ అన్నారు. రెండో అధ్యాయంలో ఎక్కువగా ‘ఆ నరుడు’. 4:25, 5:3 వచ్చేసరికి స్పష్టంగా ఒకరి పేరు. తెలుగులో రెండో అధ్యాయంలోనే ‘ఆదాము’ కనబడటం వల్ల ఈ మెట్లు మన కంటికి ఆనవు. లూకా 3:38 ఆయన్ని యేసు వంశావళిలో చేర్చింది. రోమా 5:12–19లో పౌలు ‘ఒక మనుష్యుడు’ పాపం తెచ్చాడు, ఒక మనుష్యుడు నీతి తెచ్చాడు అని తూకం వేస్తాడు. తక్కెడకు ఒకవైపు ఊహ, ఇంకోవైపు చరిత్ర పెడితే తూకం నిలవదు. అందుకే ఆదామును కేవలం మానవజాతికి గుర్తు అనే చదువు పౌలు దగ్గర తడబడుతుందని మేం అనుకుంటున్నాం.

నిలబడేవి రెండున్నాయి. ఒకటి, మనుషులందరికీ మూలమైన మొదటి జంట. రెండు, అప్పటికే ఉన్న మనుషుల్లో నుంచి దేవుడు పిలిచి అందరి తరఫున నిలబెట్టిన జంట. రెండోదాన్ని పట్టుకునేవాళ్లు కయీను మాట చూపిస్తారు: ‘నన్ను ఎవడు చూసినా చంపుతాడు’ అని భయపడ్డాడు (4:14), భార్య ఉంది, ఊరు కట్టాడు (4:17). మొదటిదాన్ని పట్టుకునేవాళ్లు 5:4 చూపిస్తారు, ఆదాము కుమారులను, కుమార్తెలను కన్నాడు గనుక ఆ జనం వాళ్లే. రెండు చదువుల్లోనూ పతనం, అంటే మనిషి పాపంలో పడటం, నిజంగా జరిగిన సంగతే, తేదీ మాత్రం పౌలు అడగలేదు.

మీ సంఘంలో దీన్ని బైబిలు తరగతిగా పెట్టదలిస్తే రెండు వారాలు తీసుకోండి. మొదటి వారం రోమా 5:12–21 ఒక్కటే, ఆదికాండం తెరవకుండా. పౌలు ఏం వాదిస్తున్నాడో నల్లబల్ల మీద ‘ఒక్కడు–అనేకులు’ అని రెండు వరసల్లో రాయించండి. రెండో వారం ఆది 2:4 నుంచి 4:17 దాకా. తిరగేసి పెడితే మొదటి గంటంతా పాము మాట్లాడిందా, కయీను పెళ్లాం ఎవరు అన్నవాటికే పోతుంది, పౌలు దాకా రాకముందే ఇంటికి పోయే వేళవుతుంది.